ఎన్‌ఐటీలో ఎలక్ట్రికలా, ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో కంప్యూటర్స్ ప్లస్ భాషాశాస్త్రం ఐదేళ్ల డిగ్రీనా? మా అమ్మాయి విషయంలో సలహా చెప్పండి

ప్రకాశం_నాన్న (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను విద్యుత్ శాఖలో సబ్ ఇంజనీరుగా చేస్తున్నాను, మాది ఒంగోలు దగ్గర. మా అమ్మాయి ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ అయ్యింది. తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీలో ఎలక్ట్రికల్ వచ్చేలా ఉంది. ఇంటికి దగ్గర్లో ఒక ప్రైవేటు కాలేజీలో ఈఏపీసెట్ ద్వారా సీఎస్‌ఈ ఏఐ అండ్ ఎంఎల్ కూడా వస్తుంది. ఈ రెండూ నాకు అర్థమయ్యే చదువులే. మూడోది ఒకటి ఉంది, దాని గురించే ఈ పోస్టు.

గచ్చిబౌలిలో ఉన్న ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ వాళ్ల యూజీఈఈ పరీక్ష మా అమ్మాయి తనంతట తానే అప్లై చేసుకుని రాసింది. అందులో సబ్జెక్టు పేపరు ఒకటి, పరిశోధన మీద ఆసక్తి చూసేది ఒకటి ఉన్నాయట. ఇంటర్వ్యూ కూడా అయ్యింది. సీఎల్‌డీ అనే కోర్సులో సీటు వచ్చేలా ఉంది. అంటే కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్, దాంతో కలిపి కంప్యుటేషనల్ లింగ్విస్టిక్స్‌లో (కంప్యూటర్‌తో భాషాశాస్త్రం) ఎంఎస్ బై రీసెర్చ్ (పరిశోధన చేసి థీసిస్ రాసే పీజీ), మొత్తం ఐదేళ్లు.

తనకి ఇదే కావాలంటోంది. కారణం అడిగితే వాళ్ల నాయనమ్మ సంగతి చెప్పింది. మా అమ్మకి చదువు రాదు, ఫోన్లో మైకు నొక్కి మాట్లాడి యూట్యూబ్‌లో వెతుక్కుంటుంది. ఆమె 'యాడికి బోతన్నావే' లాంటి మాటే మాట్లాడితే ఫోను ఏదో రాస్తుంది, ఆమె మళ్లీ మళ్లీ చెప్పి విసిగిపోయి పక్కన పెట్టేస్తుంది. అదే వార్తలు చదివే అమ్మాయిలాగా మాట్లాడితే ఫోనుకి అర్థమవుతుంది. మా అమ్మాయి దీని మీద చాలా రోజుల నుంచి ఆలోచిస్తోందని నాకు మొన్నటి దాకా తెలియదు.

నా టెన్షన్ ఏంటంటే, మా బంధువుల్లో ఎవరిని అడిగినా 'భాషాశాస్త్రం అంటే పంతులు ఉద్యోగమేగా, దానికి ఎంపీసీ ఎందుకు' అంటున్నారు. నాది డిప్లొమా. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) నోటిఫికేషన్ పడిన ప్రతిసారీ నాకు బీటెక్ లేదే అని బాధపడినవాణ్ణి, అందుకని సర్టిఫికెట్ మీద బ్రాంచి పేరు సూటిగా ఉండాలని నాకు గట్టిగా ఉంటుంది. రెండు సబ్జెక్టులు కలిపిన ఈ చదువులో చివరికి రెండూ సగం సగం వచ్చి దేనికీ కాకుండా పోతుందేమో అన్నది అసలు భయం. అక్కడ చదివినవాళ్లు, పిల్లల్ని ఇలాంటి కోర్సుల్లో చేర్చినవాళ్లు ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి. సీటు ఒప్పుకోవడానికి ఇంకా వారం టైముంది.

---

పాత_సీఎల్‌డీ

నమస్తే అండీ. నేను ఆ కోర్సే చదివాను, బయటికొచ్చి కొన్నేళ్లయింది. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి. మా నాన్నగారు కూడా ఇవే ప్రశ్నలు అడిగారు, అప్పుడు మాకు చెప్పేవాళ్లెవరూ లేరు.

ముందు ఆ సగం సగం భయం గురించి. కంప్యూటర్ సైన్స్ సగం నేర్పరు. ప్రోగ్రామింగ్, డేటా స్ట్రక్చర్స్, ఆల్గారిథమ్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్ లాంటివన్నీ సీఎస్‌ఈ వాళ్లతో కలిసి అదే క్లాసులో కూర్చుని చదువుతాం, అవే పరీక్షలు రాస్తాం. వాళ్లు వేరే ఎలక్టివ్‌లు తీసుకునే చోట మాకు భాషాశాస్త్రం ఉంటుంది: ధ్వనులు ఎలా పుడతాయి, మాట లోపల ముక్కలు ఎలా అతుక్కుంటాయి, వాక్యం ఎలా కడతాం, అర్థం ఎక్కడి నుంచి వస్తుంది. తర్వాత ల్యాబ్‌లో చేరి పరిశోధన, చివర్న థీసిస్. అంటే తగ్గేదేమీ లేదు, బరువు ఎక్కువవుతుంది. కాబట్టి మీ భయం అటు వైపు ఉండాలి, మోయగలదా అని.

రెండోది, ఇది బడిలో చెప్పే వ్యాకరణం కాదు. మొదటి సెమిస్టర్‌లో మాకు ఎప్పుడూ పేరు వినని ఒక భాషలోంచి పది పదిహేను వాక్యాలు, వాటి అర్థాలు ఇచ్చి, నియమాలు మీరే కనుక్కోండి అన్నారు. బట్టీ పట్టడానికి ఏమీ ఉండదు. ఇంటర్‌లో రెండేళ్లు ఫార్ములాలు రుద్ది వచ్చిన నాకు అది పెద్ద షాక్. కొందరికి అక్కడే దీని మీద ప్రేమ పుట్టింది, కొందరికి అక్కడే విరక్తి పుట్టింది.

మన భాషతోనే చెప్తాను. 'వెళ్ళలేకపోతున్నానని చెప్పింది' అని మనం మామూలుగా అనేస్తాం. ఆ మొదటి మాట ఒక్కటే, కానీ దానిలో వెళ్ళడం ఉంది, చేతకాకపోవడం ఉంది, ఇప్పుడు జరుగుతోందన్న కాలం ఉంది, నేను అన్నది ఉంది, చివర్న 'అని' ఉంది. ఇంగ్లీషులో దీనికి అరడజను మాటలు కావాలి. ఇంగ్లీషు కోసం కట్టిన ప్రోగ్రాం ఖాళీ ఉన్న చోట విరగ్గొట్టి ఇది ఒక మాట అనుకుంటుంది. ఇక 'ఇంటికెళ్ళొచ్చాడు' అని మాట్లాడినట్టే రాస్తే మూడు మాటలు ఒకటైపోయి కూర్చుంటాయి. దాన్ని ఎక్కడ విడగొట్టాలో యంత్రానికి చెప్పాలంటే ముందు మనకి తెలియాలి. తెలుగు మాట్లాడటం రావడం వేరు, తెలుగు ఎలా పని చేస్తుందో తెలియడం వేరు.

ఇంకొకటి. 'నాకు ఆకలేస్తోంది' అన్న వాక్యంలో కర్త ఎవరు? ఇంగ్లీషు లెక్క ప్రకారం నేను. తెలుగు లెక్కలో వేసేది ఆకలి, నేను దాన్ని అనుభవించేదాన్ని మాత్రమే. ట్రిపుల్ ఐటీలో భాషా సాంకేతికత పరిశోధన కేంద్రం ఒకటి ఉంది, ఎల్‌టీఆర్‌సీ అంటారు. అక్కడ భారతీయ భాషల వాక్యాలకి గుర్తులు పెట్టడానికి పాణిని కారకాల పద్ధతి (వాక్యంలో ఒక్కో మాటకి క్రియతో ఉన్న సంబంధం చెప్పేది) తీసుకున్నారు. కర్తకి ఒక గుర్తు, కర్మకి ఒకటి, ఇందాకటి 'నాకు' లాంటి అనుభవకర్తకి విడిగా ఒకటి. నేను అలాంటి గుర్తులు పెట్టిన తెలుగు వాక్యాల మీద పని చేశాను. సంస్కృత వ్యాకరణం కంప్యూటర్ ల్యాబ్‌లో పనికొస్తుందని నాకు చిన్నప్పుడు ఎవరైనా చెప్తే నమ్మేదాన్ని కాదు.

'ఇప్పుడు పెద్ద పెద్ద ఏఐ మోడళ్లు వచ్చాయిగా, ఇంకా భాషాశాస్త్రం ఎందుకు' అని మీ అమ్మాయిని ఎవరైనా అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఆ మోడళ్లు మాటల్ని టోకెన్లు అనే ముక్కలుగా కోసుకుంటాయి. అదే విషయం తెలుగులో రాస్తే ఇంగ్లీషు కంటే చాలా ఎక్కువ ముక్కలవుతుంది, అంటే ఖర్చు పెరుగుతుంది, వేగం తగ్గుతుంది. నెట్‌లో మన భాషలో ఉన్న రాతే తక్కువ, ఉన్నదాంట్లో ఎక్కువ భాగం పత్రికల భాష. మీ అమ్మగారి మాట అందులో లేదు. మీ అమ్మాయి పట్టుకున్నది అచ్చం ఇదే సమస్య, ఇంకా తీరని సమస్య, దీన్ని పదిహేడేళ్లకే ఇంట్లో చూసి పట్టుకుందంటే నాకు చాలా సంతోషంగా ఉంది.

ఇక ఇబ్బందులు. ఈ కోర్సులో చేరేవాళ్లలో ఒక రకం వాళ్లు సీఎస్‌ఈ రాలేదు కాబట్టి దీని ద్వారా కంప్యూటర్ సైన్స్ దొరుకుతుందని వస్తారు. నా స్నేహితురాలు అలా వచ్చింది. తెలివైన పిల్ల, కోడింగ్‌లో మా అందరికంటే ముందుండేది. కానీ వాక్యనిర్మాణం క్లాసు ఉన్న ప్రతి రోజూ ఆమెకి నరకం. మూడో ఏడాది నుంచి థీసిస్ తలుచుకుంటేనే నిద్ర పట్టేది కాదు. చివరికి పూర్తి చేసింది, మంచి ఉద్యోగంలో ఉంది, అయినా ఐదేళ్లలో రెండేళ్లు నావి కావు అంటుంది. పరిశోధన అంటే ఆరు నెలలు పని చేసి ఫలితం రాకపోతే మళ్లీ మొదలుపెట్టడం. తోటి బీటెక్ వాళ్లు నాలుగేళ్లకి జీతాలు తీసుకుంటూ ఫొటోలు పెడుతుంటే మనం ల్యాబ్‌లో ఉంటాం. ఐదో ఏడాది దాటి థీసిస్ సాగినవాళ్లూ ఉన్నారు, నాదే ఒక సెమిస్టర్ ఆలస్యమైంది, తప్పు నాదే, మొదట్లో ఎంచుకున్న అంశం మరీ పెద్దది.

ఉద్యోగాల మాట: మా బ్యాచ్‌లో చాలామంది సాఫ్ట్‌వేర్ కంపెనీలకే వెళ్లారు, కొందరు పీహెచ్‌డీకి వెళ్లారు. పంతులు ఉద్యోగానికి ఎవరూ వెళ్లలేదు, వెళ్లినా తప్పేం లేదు.

ఒక పని చేయండి. పాణిని లింగ్విస్టిక్స్ ఒలింపియాడ్ అని మన దేశంలో స్కూలు పిల్లలకి పెట్టే పోటీ ఉంది. పాత ప్రశ్నలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మూడు ప్రశ్నలు ఇచ్చి తనని వదిలేయండి, ఎన్ని సరిగా చేసిందన్నది వదిలేసి, ఎంతసేపు కూర్చుందో చూడండి.

---

మీటర్_రీడింగ్

అన్నా, నేనూ మీ శాఖే. ఒక్క మాట సూటిగా చెప్తా. డిస్కంలో (కరెంటు పంపిణీ సంస్థలో) ఏఈ కావాలంటే ఎలక్ట్రికల్ డిగ్రీ ఉండాలి, సీఎస్‌ఈ చదివినా అది రాదు. యూపీఎస్సీ వాళ్ల ఇంజనీరింగ్ సర్వీసెస్ కూడా సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ అండ్ టెలికాం, ఈ నాలుగే. కాబట్టి ఆ తలుపు కావాలంటే తాడేపల్లిగూడెం తప్ప మిగతా రెండూ ఒకటే. సివిల్స్, గ్రూప్స్ మాత్రం ఏ డిగ్రీ ఉన్నా రాయొచ్చు. ముందు ఏఈ ఉద్యోగం పాపకి కావాలా మీకు కావాలా అన్నది ఇంట్లో తేల్చుకోండి, తప్పుగా అనుకోవద్దు. నేను మా వాణ్ణి బలవంతంగా ఎలక్ట్రికల్‌లో చేర్చాను, వాడు ఇవాళ్టికీ నాతో సరిగా మాట్లాడడు.

---

కంది_క్యాంపస్

నేను ఐఐటీ హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ సైన్స్ చేశాను. మీ అమ్మాయి ఆప్షన్లలో అది లేదు కానీ ఇలాంటి కోర్సుల్లో రెండు జాతులున్నాయి, ఆ తేడా మీకు తెలియాలి కాబట్టి రాస్తున్నా.

ఒకటి, నాది లాంటిది: మొదట అన్ని శాఖల పునాది కోర్సులూ చదివి తర్వాత ఒక దారి ఎంచుకోవడం. మా దగ్గర ఒక క్రెడిట్, అర క్రెడిట్ కోర్సులు కూడా ఉంటాయి, ఫ్రాక్టల్ అకడమిక్స్ అంటారు, చిన్న చిన్న ముక్కలుగా ఎన్నో రుచి చూడొచ్చు. ఏం కావాలో ఇంకా తేలని పిల్లలకి ఇది మంచిది, నాకు చాలా మేలు చేసింది, మెకానిక్స్ ఇష్టమనుకుని వెళ్లి సిగ్నల్ ప్రాసెసింగ్‌లో తేలాను. కానీ స్వేచ్ఛ ఇచ్చారు కదా అని అన్నిట్లో తలా కొంచెం ఏరుకుని, చివరికి ఏ ఒక్కదాంట్లోనూ లోతు లేకుండా బయటికొచ్చినవాళ్లనీ చూశాను. మీరు భయపడే సగం సగం అన్నది అక్కడ నిజంగా జరగొచ్చు.

రెండోది, మీ అమ్మాయికి వచ్చింది: ఏ రెండు సబ్జెక్టులో మొదటి రోజే తేలిపోయింది, దారి ఇరుకు, లోతు ఎక్కువ. ట్రిపుల్ ఐటీలోనే భాషాశాస్త్రం కాకుండా సహజ శాస్త్రాలతో కలిపి ఒకటి, మానవ శాస్త్రాలతో కలిపి ఒకటి, భూగోళ సమాచారంతో కలిపి ఒకటి ఉన్నాయి, అన్నీ ఇదే పద్ధతి. ఏం కావాలో తెలిసిన పిల్లకి ఇది సరిపోతుంది. తెలియని పిల్లకి ఇది బోను.

పేరు విషయంలో మీ ఆందోళన మాత్రం నిజం. ఒక కంపెనీ దరఖాస్తులో బ్రాంచి ఎంచుకోమన్న చోట నా డిగ్రీ పేరే లేదు, 'ఇతరములు' నొక్కాను, పిలుపు రాలేదు. దాని వల్లే రాలేదని చెప్పలేను కానీ ఆ రోజు చాలా బాధపడ్డాను. సీఎల్‌డీకి ఆ సమస్య తక్కువ, ఎందుకంటే బీటెక్ కంప్యూటర్ సైన్స్ అని విడిగా ఉంటుంది. సర్టిఫికెట్ మీద రెండు డిగ్రీలు ఎలా రాస్తారో పాత విద్యార్థుల దగ్గర ఒకసారి కళ్లారా చూసుకోండి.

---

చాక్‌పీస్

నేను ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తాను. మీ ఇంటి దగ్గర ప్రైవేటు కాలేజీ ఆప్షన్ గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి చెప్తున్నా.

సీఎస్‌ఈ ఏఐ అండ్ ఎంఎల్, డేటా సైన్స్, ఐఓటీ, సైబర్ సెక్యూరిటీ అని బ్రాకెట్లలో పేర్లు పెట్టిన బ్రాంచీలు 2020 నుంచి మన రెండు రాష్ట్రాల్లో విపరీతంగా పెరిగాయి. వాటిని చెడ్డవని అనను, సిలబస్‌లో మొదటి రెండేళ్లు దాదాపు సీఎస్‌ఈయే ఉంటుంది, మూడు నాలుగు ఏళ్లలో తేడా వస్తుంది. ఆ తేడా చెప్పేదెవరు అన్నదే అసలు ప్రశ్న. నేను పని చేసిన ఒక చోట మెషిన్ లెర్నింగ్ పేపరు నాకిచ్చారు, నాది నెట్‌వర్క్స్. పిల్లల కంటే ఒక వారం ముందు చదువుకుని వెళ్లి చెప్పాను. శాయశక్తులా చెప్పాను గానీ ఆ పిల్లలకి అంతకంటే మంచి గురువు దొరకాల్సింది. అందుకని ఏ కాలేజీకి వెళ్లినా మూడో ఏడాది, నాలుగో ఏడాది సిలబస్ తీసి, ఒక్కో పేపరు ఎవరు చెప్తారు, వాళ్లు దేంట్లో పీహెచ్‌డీ చేశారు అని అడగండి. అడిగితే చెప్పాలి. చెప్పలేదంటే అదే జవాబు.

ఎన్‌ఐటీ వైపు ఒక మాట. ఎలక్ట్రికల్‌లో చేరినంత మాత్రాన కంప్యూటర్స్ తలుపు మూసుకుపోదు. ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను చూసే కేంద్ర మండలి) నమూనా సిలబస్ ప్రకారం బీటెక్ 160 క్రెడిట్లు, దాని పైన ఇంకో 18 నుంచి 20 క్రెడిట్లు చదివితే మైనర్ డిగ్రీ అని ఇస్తారు, జేఎన్‌టీయూ కాలేజీల్లో కూడా ఇది నడుస్తోంది. ఎన్‌ఐటీలకి వాళ్ల సొంత నిబంధనలు ఉంటాయి, చేరే ముందు వాటిని చదవండి. అయితే మైనర్ అంటే ఐదారు పేపర్లు, అంతే. పక్కింటికి వెళ్లి కాఫీ తాగి రావడం లాంటిది, ఆ ఇంట్లో కాపురం ఉండటం కాదు. మీ పాప కోరుతున్నది కాపురం.

---

డల్లాస్_తెలుగు

నాన్నగారూ, ఒకవేళ పాప తర్వాత అమెరికా వస్తే ఉపయోగపడుతుందని చెప్తున్నాను. ఇక్కడ చదువు అయ్యాక ఓపీటీ అని 12 నెలలు పని చేసుకోవచ్చు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) కోర్సైతే ఇంకో 24 నెలలు కలుస్తుంది. కోర్సు స్టెమ్ అవునా కాదా అన్నది ఐ20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మీద ఉండే సీఐపీ కోడ్ (కోర్సు ఏ రకమో చెప్పే అంకె) బట్టి ఉంటుంది. ఆ కోడ్‌లలో 30తో మొదలయ్యే వరస మొత్తం ఇలాంటి మిశ్రమ శాస్త్రాలదే. డేటా సైన్స్ కోడ్ 30.7001ని 2022 జనవరిలో స్టెమ్ జాబితాలో కలిపారు. ఒకే పేరున్న కోర్సుకి ఒక యూనివర్సిటీ ఒక కోడ్, ఇంకోటి వేరే కోడ్ పెట్టుకోవచ్చు, అందుకని మిశ్రమ కోర్సులకి అప్లై చేసేవాళ్లు ఫీజు కట్టే ముందే కోడ్ అడిగి తెలుసుకోవాలి. నా రూమ్మేట్ ఇది అడగకుండా ఒక చోట చేరి చాలా ఇబ్బంది పడ్డాడు.

---

ఎన్‌టీయూ_అమ్మ

మా బాబు సింగపూర్ నాన్యాంగ్ టెక్నలాజికల్ యూనివర్సిటీలో చదువుతున్నాడు. అక్కడ 2021 నుంచి ఏ బ్రాంచి వాళ్లైనా సరే కొన్ని ఉమ్మడి కోర్సులు కలిసి చదవాలి, ఇంజనీరింగ్ పిల్లలు, ఆర్ట్స్ పిల్లలు ఒకే బృందంలో కూర్చుని ఒక సమస్య మీద పని చేస్తారు. మొదట్లో మావాడు 'ఇది ఎందుకమ్మా' అని గొణిగాడు, ఇప్పుడు వాడికి బాగా నచ్చినవి అవే. నేను చెప్పొచ్చేదేమిటంటే రెండు చదువులు కలపడం కొత్త ఫ్యాషన్ కాదు, పెద్ద పెద్ద టెక్నాలజీ యూనివర్సిటీలు అటే నడుస్తున్నాయి. పాపని వెళ్లనివ్వండి.

---

పాత_సీఎల్‌డీ

ఎన్‌టీయూ అమ్మగారూ, మీ మాటకి కొంచెం కలుపుతాను. మన రాజ్ రెడ్డి గారు చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, మద్రాసు గిండీ కాలేజీలో సివిల్ ఇంజనీరింగ్ చదివారు. తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో 1966లో కంప్యూటర్ సైన్స్ పీహెచ్‌డీ. జీవితమంతా పని చేసింది యంత్రానికి మనిషి మాట వినిపించడం మీద. 1994లో కంప్యూటర్ సైన్స్‌లో అన్నిటికంటే పెద్దదైన ట్యూరింగ్ అవార్డు వచ్చింది. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ పాలక మండలికి చాలా ఏళ్లు అధ్యక్షుడిగా ఉన్నది కూడా ఆయనే. మాట వినే యంత్రం కట్టాలంటే ధ్వనిశాస్త్రం కావాలి, గణితం కావాలి, భాష కావాలి, కంప్యూటర్లు కావాలి, ఒక్క శాఖ వాళ్లే కూర్చుంటే అయ్యే పని కాదు. ప్రకాశం నాన్నగారి అమ్మగారి ఫోను కథ అక్కడి నుంచే వస్తోంది.

ఇంకో సంగతి, ప్రభుత్వ పరిశోధన ఫెలోషిప్‌ల వైపు వెళ్లాలనుకుంటే గేట్‌లో 2021 నుంచి మానవ శాస్త్రాల పేపరు వచ్చింది, అందులో లింగ్విస్టిక్స్ ఒక విభాగం. 2024 నుంచి డేటా సైన్స్, ఏఐ పేపరు విడిగా వచ్చింది. ఒకప్పుడు మేము ఏ పేపరు రాయాలో తెలియక సీఎస్ పేపరే రాసేవాళ్లం.

---

ప్రకాశం_నాన్న

అందరికీ చేతులెత్తి నమస్కారం. ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారని అనుకోలేదు. మొత్తం మా ఆవిడకి చదివి వినిపించాను, పాపకీ చూపించాను.

ఒలింపియాడ్ ప్రశ్నలు మూడు ప్రింట్ తీసి ఇచ్చాను. రాత్రి 8కి కూర్చుంది. నేను 11కి లేచి చూస్తే ఇంకా కూర్చునే ఉంది, అన్నం తినలేదు. పొద్దున్నే లేచి రెండు చేశాను నాన్నా, మూడోది సగం వచ్చింది అని చెప్పి, అది ఏ భాషో, అంకెలు ఎలా లెక్కపెడతారో అరగంట చెప్పింది. నాకు సగమే అర్థమైంది. ఐఐటీ కోచింగ్ రెండేళ్లలో తన ముఖంలో అలాంటి వెలుగు నేను చూడలేదు, అది ఒప్పుకోవాలి.

తమ్ముడూ, ఏఈ మాట నువ్వు అన్నది సరిగ్గా తగిలింది. అది నా కోరిక. పాపని అడిగితే 'నువ్వు అనుకున్నావు కాబట్టి నేను ఏమీ అనలేదు' అంది. రాత్రంతా దాని గురించే ఆలోచించాను.

ఇప్పుడు మిగిలింది డబ్బు. నాలుగేళ్లు అనుకున్నది ఐదేళ్లు, అక్కడి ఫీజు ఎన్‌ఐటీ కంటే బాగా ఎక్కువ. పొలం మీద చెయ్యి వెయ్యకుండా నడిపించాలని నా ఆశ. రెండోది, మధ్యలో పరిశోధన వల్ల కాకపోతే పరిస్థితి ఏంటి?

---

చాక్‌పీస్

డబ్బు గురించి: కేంద్రం 2024 నవంబరులో పీఎం విద్యాలక్ష్మి అని ఒక పథకం ఆమోదించింది. అందులో ఉన్న విద్యాసంస్థల్లో సీటు వచ్చినవాళ్లకి తాకట్టు లేకుండా, హామీదారు లేకుండా బ్యాంకు రుణం ఇస్తుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండి, వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్పో వడ్డీ రాయితీయో లేకపోతే, 10 లక్షల వరకు రుణం మీద 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. పొలం కాగితాలు అడిగితే ఈ పథకం పేరు చెప్పి అడగండి. దరఖాస్తు పీఎం విద్యాలక్ష్మి పోర్టల్‌లోనే. జాబితాలో సంస్థ పేరు చూసుకుని, సీటు లెటర్ రాగానే బ్యాంకుకి వెళ్లండి, ఆగస్టులో అందరూ ఒకేసారి మీద పడతారు.

---

పాత_సీఎల్‌డీ

మధ్యలో వల్ల కాకపోతే ఏంటన్నది చేరే ముందే అడగాల్సిన ప్రశ్న, బాగా అడిగారు. బీటెక్ మాత్రమే తీసుకుని బయటికి రావడానికి ఏ షరతులున్నాయి అన్న నిబంధన బ్యాచిని బట్టి మారుతుంది, అందుకని నా బ్యాచి సంగతి చెప్పి మిమ్మల్ని తప్పుదారి పట్టించను. అకడమిక్ ఆఫీసుకి మెయిల్ రాసి, మీ అమ్మాయి బ్యాచికి వర్తించే నిబంధన రాతపూర్వకంగా తీసుకోండి. ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు.

మీ అమ్మాయికి నా తరఫున రెండు పనులు చెప్పండి, క్లాసులు మొదలయ్యే లోపు. ఒకటి, పైథాన్ రాకపోతే నేర్చుకోమనండి, వచ్చినా రోజూ కాసేపు రాయమనండి. రెండోది, వాళ్ల నాయనమ్మని కూర్చోబెట్టి, ఆమె అనుమతి తీసుకుని, రోజుకి పావుగంట ఆమె మాటలు రికార్డు చేయమనండి. వంట గురించి, పొలం గురించి, పెళ్లిళ్ల గురించి, ఏదైనా. తర్వాత విన్నది విన్నట్టే రాయాలి, 'బోతన్నావే'ని 'పోతున్నావే' అని దిద్దకుండా. ఎక్కడ ఎలా రాయాలో తెలియక ఆగిపోయిందో ఆ చోట్లన్నీ ఒక నోట్‌బుక్‌లో పెట్టుకోమనండి.

---

ప్రకాశం_నాన్న

మెయిల్ ఇప్పుడే పంపించాం అమ్మా, పాపే రాసింది. రేపు బ్యాంకుకి వెళ్తున్నా. మా అమ్మని రికార్డింగ్ గురించి అడిగితే 'నా మాటలు రాసుకోడానికి ఏముందిరా' అంది, అంటూనే రాగి సంకటి ఎలా కలపాలో చెప్పడం మొదలుపెట్టింది. పాప ఫోను పట్టుకుని ఎదురుగా కూర్చుంది.